నిన్నటివాళ్లు గీసిన రేపు: ఒక ట్రంక్ ఆపరేటర్ చూపు

(హైదరాబాద్‌లో ఒక కాలనీ గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం. మిగతాదంతా ఆవిడ మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినపడుతోందా అమ్మా? ఆ ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకు? సరే. ఈ ప్రశ్న అడగడం నాకు కొత్త కాదు. "హలో, వినపడుతోందా? లైన్లో ఉన్నారు, మాట్లాడండి." నా ఉద్యోగంలో ఈ మాట ఎన్ని వేలసార్లు అన్నానో లెక్కలేదు. నేను ట్రంక్ ఆపరేటర్ని, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోన్లు కలిపేదాన్ని. 1975లో, ఇరవయ్యేళ్ల వయసులో, బందరు నుంచి ఇక్కడికి వచ్చి చేరాను.

పాతకాలంవాళ్లు భవిష్యత్తులో రాబోయే యంత్రాల్ని ఎలా ఊహించుకున్నారో మాట్లాడమని సెక్రటరీ గారు అడిగారు. నేను సైంటిస్టును కాదు. కానీ రిటైరైన దగ్గర్నుంచి ఇలాంటి పాత బొమ్మలు, పాత రాతలు వెతికి పట్టుకోవడం నాకు అలవాటైంది. ఎందుకైందో కూడా చెప్తాను. ముందు సినిమా దగ్గర మొదలుపెడతాను, అందరికీ తెలిసిన సంగతి కాబట్టి.

మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? గుర్తులేనివాళ్లు ఈ హాల్లో ఉండరు. మూత తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తాడు. కృష్ణుడు చూస్తే శకుని కనిపిస్తాడు. శశిరేఖకు అభిమన్యుడు. కనిపించడమే కాదు, ఇద్దరూ అక్కడా ఇక్కడా ఉండి పాట కూడా పాడుకుంటారు. ఆ సినిమా 1957 మార్చిలో వచ్చింది. అదే సంవత్సరం అక్టోబర్ 4న రష్యావాళ్లు స్పుత్నిక్ పంపారు. ఆకాశంలోకి మొదటి ఉపగ్రహం, మన తెరమీదికి మొదటి వీడియో కాల్, రెండూ ఒకే ఏడాది.

నేను ఆ సినిమా మళ్లీ ఆడినప్పుడు బందరులో మా అమ్మ ఒళ్లో కూర్చుని చూశాను. ఆ పెట్టె చూసి అమ్మ అన్న మాట నాకిప్పటికీ గుర్తు. "మా అన్నయ్య కనిపిస్తే చాలు నాకు" అంది. మా మావయ్య అప్పుడు బొంబాయిలో మిల్లు పనిలో ఉన్నాడు. మూడేళ్లకోసారి వచ్చేవాడు. అమ్మకు పెట్టె ఎలా పనిచేస్తుందో అక్కర్లేదు. దానిలో ఎవరు కనిపించాలో తెలుసు, అంతే.

ఇప్పుడు మీకు ఇంకో బొమ్మ చెప్తాను. లండన్‌లో పంచ్ అని ఒక పత్రిక ఉండేది. 1878 డిసెంబరులో అందులో ఒక బొమ్మ వేశారు. గీసినాయన పేరు జార్జ్ డు మోరియే. గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంట్ తీసుకున్నది 1876లో. అంటే టెలిఫోను పుట్టి మూడేళ్లు కూడా నిండలేదు. ఆ బొమ్మలో ఏముందంటే, లండన్‌లో ఒక ఇల్లు, రాత్రిపూట. ఒక తల్లీ తండ్రీ కూర్చుని ఉన్నారు. గోడమీద, మంట వేసుకునే గూడు పైన, గోడంత పొడుగున ఒక తెర ఉంది. ఆ తెరమీద వాళ్ల పిల్లలు టెన్నిస్ ఆడుకుంటున్నారు. ఎక్కడో తెలుసా? సిలోన్‌లో. మన పక్కనున్న సిలోన్‌లో, ఇప్పటి శ్రీలంకలో. తండ్రి చేతిలో మాట్లాడే గొట్టం ఉంది. కూతురిని దగ్గరికి పిలిచి, ఆ ఆడుతున్న అమ్మాయి ఎవరమ్మా అని అడుగుతున్నాడు.

ఎడిసన్ ఏవో అద్భుతాలు చేస్తాడని అప్పట్లో అందరూ అనుకుంటున్న రోజులు కాబట్టి దానికి ఎడిసన్ టెలిఫోనోస్కోప్ అని పేరు పెట్టారు. ఎడిసన్ అలాంటిదేమీ చేయలేదు. బొమ్మ మాత్రం వేశారు. మా అమ్మ బందరులో కూర్చుని కోరుకున్నదీ, లండన్‌లో ఆ దంపతులు కోరుకున్నదీ ఒకటే కదా? దూరంగా ఉన్న మనవాళ్లు కనిపించాలి. మీలో ఎంతమంది పిల్లలు అమెరికాలో ఉన్నారు? చెయ్యెత్తండి. చూశారా, సగం హాలు. పొద్దున ఏడింటికి కాఫీ తాగుతూ, అక్కడ రాత్రి అన్నం తింటున్న మనవడిని చూసేవాళ్లు మీరు. ఆ బొమ్మ మీది.

కోరిక పాతదే, యంత్రమే ఆలస్యంగా వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. 1964లో అమెరికాలో పిక్చర్‌ఫోన్ అని నిజంగానే తెచ్చారు. న్యూయార్క్ ఎగ్జిబిషన్‌లో పెట్టారు, పెద్ద ఊళ్లలో ఫోన్ బూత్‌లు పెట్టారు. మూడు నిమిషాలకు 16 డాలర్ల నుంచి 27 డాలర్ల దాకా చార్జీ. జనం వెళ్లలేదు. డబ్బు ఎక్కువ, నిజమే. కానీ నేననుకునేది ఇంకొకటి. మనవాళ్లను మనం చూడాలని అందరికీ ఉంది. పిలిచిన ప్రతివాడికీ మనం కనిపించాలని ఎవరికీ లేదు. శశిరేఖ పెట్టెలో కనిపించేది ప్రియమైనవాళ్లు మాత్రమే. ఆ పెట్టెను ఊహించినవాళ్లు ఆ తేడా పట్టుకున్నారు. ఇప్పుడు కూడా తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వస్తే మీరు ఎత్తుతారా?

సరే, నా అలవాటు సంగతికి వస్తాను.

నేను ఏ పాత బొమ్మ చూసినా, ముందు యంత్రాన్ని చూడను. అందులో పని ఎవరు చేస్తున్నారు అని వెతుకుతాను. ఇరవయ్యేళ్లు బోర్డు ముందు కూర్చున్నదాన్ని, నా కన్ను అక్కడికే పోతుంది. ప్రియదర్శినిలో ఎవరూ లేరు. శశిరేఖకూ అభిమన్యుడికీ మధ్య ఎవరూ లేరు. అందుకే అది మాయ. మిగతా బొమ్మల్లో ఎవరో ఒకరు ఉంటారు. మీరు చూడాలే గానీ ఉంటారు.

ఫ్రాన్స్‌లో 1899 ప్రాంతంలో కొన్ని రంగుల కార్డులు వేశారు. 2000 సంవత్సరంలో ప్రపంచం ఎలా ఉంటుందో అని. గీసినవాళ్లలో ఒకాయన జాన్ మార్క్ కోతే. వేయించిన వ్యాపారి చనిపోయాడు, కార్డులు అమ్మకానికి రాకుండానే మూలపడ్డాయి. ఎన్నో ఏళ్లకు బయటపడితే, సైన్సు కథలు రాసే ఐజాక్ అసిమోవ్ 1986లో వాటిని పుస్తకంగా తెచ్చాడు. వాటిలో రెక్కలు కట్టుకుని ఎగురుతూ మంటలు ఆర్పేవాళ్లు ఉన్నారు. తిమింగలానికి బండి కట్టి సముద్రం అడుగున ప్రయాణించేవాళ్లు ఉన్నారు. అవన్నీ చూడ్డానికి బాగుంటాయి, దాటిపోదాం. రెండు కార్డుల దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగాను.

ఒకటి బడి. పిల్లలు బెంచీల మీద వరసగా కూర్చున్నారు. పుస్తకం లేదు, పలక లేదు. ప్రతి పిల్లవాడి తలమీదా ఒక టోపీలాంటిది, దాని నుంచి పైకి తీగ. ఆ తీగలన్నీ వెళ్లి ఒక యంత్రంలో కలుస్తాయి. మాస్టారు పుస్తకాల్ని ఒక్కొక్కటీ ఆ యంత్రంలో పడేస్తున్నారు. అది పుస్తకాల్ని పిండి చేసినట్టు నలిపి, కరెంటు ద్వారా పిల్లల బుర్రల్లోకి పంపుతుంది. ఆ హెడ్‌సెట్లు చూడగానే నాకు మా ఎక్స్‌ఛేంజ్ గుర్తొచ్చింది. అది కాదు నేను చెప్పాలనుకున్నది. యంత్రం పక్కన ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు. వాడి తలమీద టోపీ లేదు. వాడు యంత్రం పిడి పట్టుకుని తిప్పుతున్నాడు. చేత్తో! 2000 సంవత్సరం, కరెంటుతో చదువు బుర్రలోకి ఎక్కుతుంది, కానీ ఆ యంత్రం తిప్పడానికి ఒక పిల్లవాడు కావాలి. వాడికి చదువు లేదు. ఆ రోజు వాడికి పాఠం అందలేదు. గీసినాయనకు ఆ సంగతి తట్టిందో లేదో గానీ, నాకు మాత్రం ఆ కార్డులో వాడే కనిపిస్తాడు.

రెండోది ఇల్లు తుడవడం. పెద్ద భవంతి, మెరిసే గచ్చు. బ్రష్షులున్న చిన్న యంత్రం గచ్చు రుద్దుతోంది. ఇప్పుడు మన ఇళ్లలో గుండ్రంగా తిరుగుతున్నాయే, వాటికి తాతమ్మ లాంటిది. దాన్ని పొడుగు కర్రతో నడిపిస్తున్నది ఎవరు? పనిమనిషి. తెల్ల ఏప్రన్ కట్టుకుని నిలబడి ఉంది. చీపురు పోయి యంత్రం వచ్చింది, పనిమనిషి అక్కడే ఉంది. వందేళ్ల తర్వాత ఇల్లంతా మారిపోతుందని ఊహించగలిగినవాళ్లు, ఆ అమ్మాయి కూర్చోవచ్చు అని ఊహించలేకపోయారు.

ఇలాంటిదే ఇంకొకటి, ఇది పుస్తకం. ఎడ్వర్డ్ బెల్లమీ అనే అమెరికన్ 1888లో ఒక నవల రాశాడు. అందులో ఒకతను 1887లో నిద్రపోయి 2000లో లేస్తాడు. అందరికీ సమానంగా సంపద. డబ్బుకు బదులు అట్టముక్క కార్డు, దానికి ఆయన పెట్టిన పేరు క్రెడిట్ కార్డు. సంగీతం టెలిఫోన్ తీగల మీద ఇంటికే వస్తుంది, రాత్రీ పగలూ ఎప్పుడు కావాలంటే అప్పుడు. ఎలా వస్తుంది? ఊళ్లో హాళ్లున్నాయి, అక్కడ వాయిద్యకారులు వంతులవారీగా ఇరవైనాలుగు గంటలూ వాయిస్తూనే ఉంటారు! అప్పటికి ఎడిసన్ ఫోనోగ్రాఫ్, అంటే శబ్దాన్ని పట్టి మళ్లీ వినిపించే యంత్రం, వచ్చి పదేళ్లు దాటింది. అయినా సంగీతం అంటే అవతల మనిషి కూర్చుని వాయించాలి అన్నదే ఆయన మనసులో ఉంది. అర్ధరాత్రి మూడింటికి వయొలిన్ వాయిస్తున్న ఆ మనిషి. నైట్ డ్యూటీ చేసినవాళ్లకు ఆ మనిషి తెలుసు.

కాలజ్ఞానం గురించి కూడా చెప్పమని ముందు వరసలో సార్ అడుగుతున్నారు. ఎద్దులు లేని బండ్లు నడుస్తాయని, నీళ్లతో దీపాలు వెలుగుతాయని వీరబ్రహ్మేంద్రస్వామి చెప్పారని మా అమ్మమ్మ చెప్పేది. మీ ఇళ్లలోనూ విని ఉంటారు. అయితే మా అమ్మమ్మ ఆ మాటలు యంత్రాల కోసం చెప్పేది కాదు సార్. మనుషుల నడత మారిపోతుంది, జాగ్రత్త అని చెప్పడానికి చెప్పేది. నేను దాన్ని అలాగే వింటాను.

ఇప్పుడు నా మీద రాసిన వాక్యం చెప్తాను. అవును, నా మీదే.

1900 డిసెంబరు. అమెరికాలో ఆడవాళ్లు చదివే పత్రిక, లేడీస్ హోమ్ జర్నల్. అందులో జాన్ ఎల్‌ఫ్రెత్ వాట్కిన్స్ అనే ఆయన రాబోయే వందేళ్లలో ఏమేం జరగవచ్చో రాశాడు. స్ట్రాబెర్రీలు యాపిల్ పండ్లంత అవుతాయన్నాడు, కాలేదు. దోమలూ ఈగలూ ఉండవన్నాడు. ఈ హాల్లో కాళ్ల దగ్గర తోలుకుంటున్నవాళ్లను చూస్తున్నాను, అదీ జరగలేదు. వండిన భోజనం కొనుక్కుని తింటారన్నాడు. జరిగింది. కుళాయి తిప్పితే నీళ్లొచ్చినట్టు ఇంట్లోకి చల్లగాలి వస్తుందన్నాడు. జరిగింది. ఫొటోలు ఎంత దూరమైనా తంతి ద్వారా పంపుతారన్నాడు. జరిగింది.

టెలిఫోను గురించి కూడా రాశాడు. తీగలు లేని టెలిఫోను ప్రపంచమంతా అల్లుకుంటుంది. సముద్రం మధ్యలో ఉన్న భర్త, ఇంట్లో ఉన్న భార్యతో మాట్లాడతాడు. ఆ వెంటనే, "హలో గర్ల్" జోక్యం లేకుండానే లైన్లు వాటంతట అవి కలుస్తాయి అన్నాడు. హలో గర్ల్ అంటే ఎవరు? ఆపరేటర్. అప్పట్లో అక్కడ మమ్మల్ని అలా పిలిచేవాళ్లు.

ఈ వాక్యం నాకు మా మనవడు ఫోనులో చూపించాడు, రిటైరయ్యాక. రెండుసార్లు చదివించుకున్నాను. నేను పుట్టడానికి యాభై అయిదేళ్ల ముందు, నా కుర్చీ ఖాళీ అవుతుందని ఒకాయన రాసిపెట్టాడు. అప్పటికే ఆ పని మొదలైంది కూడా. స్ట్రౌజర్ అని అమెరికాలో ఒకాయన, చనిపోయినవాళ్ల అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వ్యాపారం ఆయనది. తనకు రావలసిన కాల్స్‌ని ఆపరేటర్ పోటీ వ్యాపారికి కలుపుతోందని ఆయనకు అనుమానం. ఆ కోపంతో కూర్చుని, ఆపరేటర్ అవసరం లేని ఎక్స్‌ఛేంజ్ కనిపెట్టాడని చెప్తారు. 1891లో పేటెంట్, మరుసటి ఏడాది ఎక్స్‌ఛేంజే పెట్టారు. మన దేశంలో డయల్ తిప్పితే పక్క ఊరు దొరకడం, ఎస్టీడీ, 1960లో కాన్పూరుకూ లక్నోకూ మధ్య మొదలైంది. నేను ఉద్యోగంలో చేరేనాటికే నా ఉద్యోగం పోయే దారి వేసేశారు. మాకెవరూ చెప్పలేదు.

మా పని ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తాను. ఎదురుగా బోర్డు, బోర్డు నిండా రంధ్రాలు, ఒక్కొక్కదానికీ చిన్న దీపం. ముందు జంటలు జంటలుగా కార్డులు, అంటే ప్లగ్గులున్న తాళ్లు. మీరు 180కి చేసి కాల్ బుక్ చేస్తే టికెట్ రాస్తాం. ఏ ఊరు, ఏ నంబరు, ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా. అర్జెంటుకు రెట్టింపు, లైట్నింగ్‌కు ఎనిమిది రెట్లు. పీపీ అంటే ఫలానా మనిషే లైన్లోకి రావాలి. లైను ఖాళీ అయినప్పుడు అటు ఒక ప్లగ్గు, ఇటు ఒక ప్లగ్గు. కాల్ మెచ్యూర్ అయింది అనేవాళ్లం. మూడు నిమిషాలు కాగానే, "త్రీ మినిట్స్ ఓవర్, పొడిగించాలా?" ఎనిమిది గంటలు తలమీద హెడ్‌సెట్. ఇక్కడ, నడినెత్తిన, జుట్టులో గీత పడిపోయేది. ఆదివారం తలంటు పోసుకున్నా పోయేది కాదు.

1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన. ఇక్కడ పెద్దవాళ్లకు తెలుసు. వేలమంది పోయారు, పదివేలకు తక్కువ కాదు. నాకు ఆ వారం నైట్ డ్యూటీ. బందరు లైన్లు పోయాయి, అవనిగడ్డ పోయింది. బోర్డులో ఆ వైపు ప్లగ్గు పెడితే చెవిలో శబ్దమే లేదు. గరగర కూడా లేదు. మా అమ్మానాన్న బందరులో ఉన్నారు. ఆదివారం పొద్దుటికి 180 దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఊళ్లో ఉన్న కృష్ణా జిల్లావాళ్లందరూ చేస్తున్నారు. అందరికీ ఒకటే జవాబు, లైను లేదండీ.

ఒకాయన గంటగంటకూ చేసేవాడు. చిక్కడపల్లి నుంచి. ఊరు నాగాయలంక వైపు. "అమ్మా, వచ్చిందా?" అంతే అడిగేవాడు. లైను లేదని తెలిసీ ఆయన టికెట్ నేను తీసేయలేదు. వెనక పెన్సిల్‌తో ఆయన తల్లి పేరు, ఇంటి గుర్తు రాసుకున్నాను. అది రూల్లో లేదు. విజయవాడ ఆపరేటర్‌తో మాకు లైను ఉండేది. లైన్ టెస్ట్ చేస్తున్నట్టు ఆ అమ్మాయిని పిలిచి అడిగేదాన్ని, అటు నుంచి ఎవరైనా వచ్చారా, ఏమన్నారు అని. ఆ అమ్మాయి మొహం నేనెప్పుడూ చూడలేదు. ఆమె తన దగ్గరికి వచ్చిన కబుర్లన్నీ నాకు చెప్పేది, నేను ఇక్కడ అడిగినవాళ్లకు చెప్పేదాన్ని. లైను కలపలేకపోయినా మాట కలిపాం. మా అమ్మానాన్న బతికే ఉన్నారని నాకు నాలుగో రోజు ఆమే చెప్పింది. ఇంటి పైకప్పు పోయింది, మనుషులు ఉన్నారు అంది.

నాగాయలంక ఆయన మూడో రోజు సాయంత్రం చివరిసారి చేశాడు. బస్సు దొరికినంత దూరం బస్సులో వెళ్లి, అక్కడ్నుంచి నడుస్తానన్నాడు. ఆ టికెట్ మెచ్యూర్ కాలేదు. క్యాన్సిల్ అని రాసి సంతకం పెట్టాను.

నేను ఇన్ని బొమ్మలు చూశాను, ఇన్ని రాతలు చదివాను. జోక్యం లేకుండా అన్నాడు కదా వాట్కిన్స్. ఆ వారం మేం చేసింది జోక్యమే.

అలాగని ఆ రోజులే బాగుండేవని నేను అనను. దయచేసి అలా అనుకోవద్దు. ఆస్పత్రిలో ఉన్న కూతురి కోసం ఆర్డినరీ కాల్ బుక్ చేసి, లైట్నింగ్‌కు డబ్బు లేక, పొద్దున్నుంచి రాత్రిదాకా మా కౌంటరు దగ్గర కూర్చున్న తల్లుల్ని నేను చూశాను. ఎనిమిది రెట్లు కట్టగలిగినవాడి కాల్ వాళ్లను దాటి వెళ్లిపోయేది. ఆ ప్లగ్గు పెట్టింది ఈ చెయ్యే. రోజంతా ఫోన్లు కలిపేదాన్ని, నా ఇంటికి ఫోను రావడానికి ఏళ్లు పట్టింది. శుభలేఖ మీద పక్కింటివాళ్ల నంబరు వేసి, పక్కన పీపీ అని రాసుకున్న రోజులు. ఎస్టీడీ బూత్ వీధివీధికీ వచ్చినప్పుడు మా పని తగ్గింది. నాకు బాధ కలిగింది, సంతోషమూ కలిగింది. రెండూ నిజమే.

అందుకే యంత్రం వద్దు అనే కథలు నాకు సగమే నచ్చుతాయి. 1909లో ఫార్‌స్టర్ అనే ఇంగ్లీషు రచయిత ఒక కథ రాశాడు. మనుషులందరూ భూమి కింద గదుల్లో ఒంటరిగా ఉంటారు, వెలిగే పలకలో ఒకరినొకరు చూసుకుంటారు. కొడుకు తల్లితో, పలకలో కాదమ్మా, నిన్ను ఎదురుగా చూడాలి, రా అంటాడు. ఆ మాట చదివితే గుండె పట్టేస్తుంది. కానీ పలక కూడా లేని తల్లిని నేను చూశాను కదా.

నాకు పూర్తిగా నచ్చిన ఊహ ఒకటే ఉంది. అది అమెరికాలో పుట్టలేదు, ఫ్రాన్స్‌లో పుట్టలేదు. మన మద్రాసులో అచ్చయింది. 1905లో ఇండియన్ లేడీస్ మ్యాగజైన్ అనే పత్రికలో. రాసినావిడ బెంగాల్ ముస్లిం స్త్రీ, రొకేయా సఖావత్ హుస్సేన్. బడికి పంపని ఇంట్లో పుట్టి, అన్నగారి సాయంతో రహస్యంగా ఇంగ్లీషు నేర్చుకుంది. ఆ ఇంగ్లీషులోనే ఈ కథ రాసింది. కథ పేరు సుల్తానా కల. భర్త డిప్యూటీ మేజిస్ట్రేట్, క్యాంపుకు వెళ్లినప్పుడు ఊసుపోక రాసిందట. ఆయన వచ్చి నిలబడే చదివి, ఇది భయంకరమైన పగ అన్నాడట.

పగ ఏమిటంటే, ఆ కలలోని దేశంలో మగవాళ్లు ఇంట్లో పరదాలో ఉంటారు. ఆడవాళ్లు యూనివర్సిటీల్లో పరిశోధనలు చేస్తారు. ఒక యూనివర్సిటీవాళ్లు బెలూనుకు గొట్టాలు కట్టి మేఘాల్లో నీళ్లు తోడతారు. ఇంకో యూనివర్సిటీవాళ్లు ఎండ వేడిని పట్టి నిల్వ చేస్తారు. గాల్లో ఎగిరే బండి ఉంటుంది. రోజుకు రెండు గంటలు పని చేస్తే చాలు. ఇదంతా 1905లో, పరదాలో కూర్చున్న మనిషి రాసింది!

నేను ఆగిపోయిన చోటు వేరే ఉంది. సుల్తానాను వంటింటికి తీసుకెళ్తారు. కూరగాయల తోట మధ్యలో వంటిల్లు, శుభ్రంగా ఉంటుంది. పొగ లేదు, పొగగూడు లేదు, బొగ్గు లేదు. ఎలా వండుతారు అని అడుగుతుంది. ఎండ వేడితో అంటారు. అమ్మా, ఇక్కడున్న ఆడవాళ్లు కట్టెల పొయ్యి ఊదినవాళ్లు ఎంతమంది? మీకు తెలుసు కదా ఆ వంటింటికి అర్థమేమిటో. ఫ్రాన్స్ చిత్రకారులు ముందు యంత్రం గీశారు, తర్వాత దాని పక్కన పనిమనిషిని నిలబెట్టారు. రొకేయా ముందు పొగలో కళ్లు నలుపుకుంటున్న మనిషిని చూసింది. ఆ మనిషికి ఏం కావాలి అని అడిగి, అప్పుడు యంత్రం ఊహించింది. బొమ్మ ఎక్కడ మొదలుపెట్టాలో ఆవిడకు తెలుసు.

టైము అయిపోతోందని సెక్రటరీ గారు చెయ్యి చూపిస్తున్నారు. త్రీ మినిట్స్ ఓవర్. ఒక్కటి చెప్పి ఆపేస్తాను.

ఈ పాతవాళ్లలో చాలామంది గురిపెట్టింది 2000 సంవత్సరం మీదే. బెల్లమీ 2000 అన్నాడు. ఫ్రెంచి కార్డులు 2000. వాట్కిన్స్ వందేళ్లన్నా అదే. మరి 2000 నాటికి హైదరాబాద్‌లో ఏం జరుగుతోంది? మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. నేను అప్పటికి బోర్డు నుంచి 197కు, డైరెక్టరీ ఎంక్వైరీకి మారాను. మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఒక అమ్మాయి ఉండేది, డిగ్రీ అయిపోగానే కాల్ సెంటర్‌లో చేరింది. సాయంత్రం క్యాబ్ వచ్చేది, పొద్దున దింపేది. రాత్రంతా అమెరికావాళ్లతో మాట్లాడేది. ఆ అమ్మాయి వాళ్లమ్మకు రాత్రి ఉద్యోగం అంటే ఒకటే టెన్షన్. నన్ను పిలిచి, మీరు కూడా నైట్ డ్యూటీ చేశారు కదండీ, కాస్త చెప్పండి అంది.

వెళ్లాను. ఆ అమ్మాయి అద్దం ముందు తల దువ్వుకుంటోంది. నడినెత్తిన, పాపిడికి అడ్డంగా, జుట్టులో గీత. నేను మాట్లాడలేకపోయాను కాసేపు.

"మూడు నిమిషాలు కాగానే చెప్తారా అమ్మా?" అని అడిగాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. "లేదాంటీ, టైము మేమే చూసుకోవాలి. ఎక్కువసేపు మాట్లాడితే టీమ్ లీడర్ అడుగుతారు" అంది. "అవతలివాళ్లు ఏడిస్తే?" అన్నాను. "మ్యూట్ నొక్కి కొంచెం ఊపిరి తీసుకుంటాం. తర్వాత మాట్లాడతాం" అంది. మాకు మ్యూట్ ఉండేది కాదు, ఒక కీ ఉండేది, వెనక్కి తోస్తే మా గొంతు అవతలికి వినపడేది కాదు అని చెప్పాను. "మీరూ తోసేవారా ఆంటీ?" అని అడిగింది. తోసేదాన్ని అన్నాను.

కింద క్యాబ్ హారన్ కొట్టింది. జడ సగమే అయింది. నేనే గబగబా అల్లాను. హెడ్‌సెట్ పట్టీ నొక్కే చోట కాస్త వదులుగా ఉంచి, కింద రబ్బర్ బ్యాండ్ వేసి పంపాను.